దారిలో ఒక మజిలీ
(విదేశాలలోని పిల్లల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రుల కొరకు)

మన పల్లెలనుండి విదేశాలకు బయలుదేరేది ఇప్పుడు చదువుకున్న పిల్లలు మాత్రమే కాదు. కూతురి కాన్పుకని, మనవడిని చూచుకోవడానికని, కొడుకు కొన్న కొత్త ఇంటికని తల్లిదండ్రులు కూడ విమానమెక్కుతున్నారు. జూపాడు బంగ్లా, నందికొట్కూరు, ఆత్మకూరు, నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు సంఘాలలో అటువంటి కుటుంబాలు కనిపిస్తూనే ఉన్నాయి. వారిలో చాలామందికి అదే మొదటి విమాన ప్రయాణం. టికెట్టు మాత్రం పిల్లలు అక్కడినుండి ఫోనులో పంపిస్తారు. "సింగపూరులో ఒకసారి దిగి ఇంకో విమానమెక్కాలమ్మా, పద్నాలుగు గంటలు టైముంది, ఊరు కూడ చూడొచ్చు" అని చెప్తారు.

పిల్లలు ప్రేమతోనే చెప్తారు. అయితే ఆ పద్నాలుగు గంటలు ఎలా గడవాలో ముందుగా ఆలోచించుకోకపోతే, విశ్రాంతి కావలసిన సమయమే ప్రయాణం మొత్తంలో కష్టమైన భాగమవుతుంది. చేతిలో పెట్టె, కాళ్ళలో వాపు, చుట్టూ తెలియని భాష, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలియని గడియారం. ఇవన్నీ ఒక్కసారే మీద పడతాయి. అందుకే ఈ నెల ఈ చిన్న మజిలీని గురించి వివరంగా ఆలోచిద్దాం.

మజిలీ ఎందుకు?

మజిలీ అంటే దూరప్రయాణంలో మధ్య ఆగే చోటు. పూర్వం పెద్దదొరలు ఊరూరా తిరిగేటప్పుడు బస చేయడానికి ట్రావెలర్స్ బంగ్లాలుండేవి. బండివాళ్ళయితే చెట్టు క్రింద ఎడ్లను విప్పి, నీళ్ళు పెట్టి, తామింత తిని ఒక కునుకు తీసేవారు. ఆ ఊరిలో వింతలు చూడాలని ఎవరూ ఆగలేదు. ముందున్న దారికి ఒంట్లో శక్తి నింపుకోవాలని ఆగారు.

అపొస్తలుడైన పౌలు ప్రయాణాలలోను ఇటువంటి మజిలీలు చాలా ఉన్నాయి. ఓడ సరుకు దించవలసి వచ్చినందున అతడు తూరులో దిగి, అక్కడి శిష్యులను వెదకి, ఏడు దినాలు వారితో గడిపాడు. తొలెమాయిలో ఉన్నది ఒక్క దినమే. ఖైదీగా రోమాకు వెళ్తున్నప్పుడు సీదోనులో ఓడ ఆగితే, శతాధిపతియైన యూలి దయతలచి, స్నేహితుల దగ్గర సేద తీర్చుకోవడానికి అతనికి సెలవిచ్చాడు. ఎన్ని దినాలాగాలో నిర్ణయించినది ఓడ. ఆ దినాలను దేనికి వాడాలో తెలుసుకొన్నవాడు పౌలు. మనకు కూడ ఇదే సూత్రం. విమానం ఇచ్చిన గంటలలో మొదట శరీరానికి విశ్రాంతి, తరువాత మనసుకు ఊరట. ఊరు చూడడం ఆ తరువాతి మాట.

మన పెద్దల కాలంలో ఈ దారి ఇంత సులువు కాదు. 1926లో కట్టిన రజులా అనే ఓడ 1970ల తొలి సంవత్సరాల వరకు మద్రాసునుండి పినాంగు, సింగపూరు రేవులకు తిరిగింది. సముద్రం మీద దినాల తరబడి ప్రయాణం. ఇప్పుడు శంషాబాదులో ఎక్కితే నాలుగు గంటల పైచిలుకులో సింగపూరు. అక్కడినుండి మెల్‌బోర్న్‌కు మరి ఏడెనిమిది గంటలు. దినాలు గంటలయ్యాయి గాని, అరవై దాటిన ఒంటికి అలసట మాత్రం తగ్గలేదు. పల్లెనుండి కర్నూలు మీదుగా శంషాబాదుకు కారులో వెళ్ళేసరికే సగం ఓపిక అయిపోతుందని మరువకూడదు.

ఎన్ని గంటలుంటే ఏమి చేయాలి?

టికెట్టు కొనకముందే పిల్లలను ఈ ప్రశ్న అడగండి: "మధ్యలో ఎన్ని గంటలు?" ధర ఒక్కటే చూచి టికెట్టు కొనవద్దని చెప్పండి.

రెండు గంటలకంటె తక్కువ ఉంటే పెద్దవాళ్ళకు మంచిది కాదు. మొదటి విమానం కొంచెం ఆలస్యమైతే చాలు, రెండవదానికి పరుగెత్తవలసి వస్తుంది. మూడు నుండి ఐదు గంటలుంటే చాలా మేలు. విమానాశ్రయంలోనే ముఖం కడుక్కొని, ఏదైనా తిని, కాళ్ళు చాపుకొని, నెమ్మదిగా రెండవ గేటుకు చేరుకోవచ్చు. బయటకు వెళ్ళే ఆలోచన పెట్టుకోవద్దు.

పది నుండి పదిహేను గంటలుంటే గది తీసుకొని నిద్రపోవాలి. సింగపూరులోని చాంగి విమానాశ్రయం లోపలే గంటల లెక్కన గదులిచ్చే వసతులున్నాయి. వాటికి ఇమ్మిగ్రేషన్ దాటనవసరం లేదు. గది ముందుగానే మాట్లాడి పెట్టుకోవడం పిల్లల పని. నిద్ర తీరిన తరువాత ఓపికుంటే ఊరిలోకి వెళ్ళి రావచ్చు. ఇరవై గంటలు దాటితే ఊరిలో ఒక రాత్రి బస చేయడమే మంచిది. అప్పుడు సామాను సంగతి, వీసా సంగతి ముందే తేల్చుకోవాలి.

గుండెజబ్బు ఉన్నవారు, ఈ మధ్యనే ఆపరేషన్ అయినవారు, ఒంటరిగా వెళ్ళే తల్లి, చావుకబురు విని బయలుదేరినవారు, వీరికి మజిలీ ఎంత చిన్నదైతే అంత మంచిది. డాక్టరును అడిగిన తరువాతనే టికెట్టు కొనాలి.

కాగితాలు

ఇక్కడ పొరపాటు జరిగితే డబ్బుతో కూడ దిద్దుకోలేము. కాబట్టి జాగ్రత్తగా చదవండి.

మొదటిది టికెట్టు. హైదరాబాదునుండి చివరి ఊరి వరకు ఒకే టికెట్టుగా ఉండాలి. అప్పుడు పెట్టెలను సాధారణంగా చివరి ఊరికే పంపిస్తారు. మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోతే, మరొక విమానంలో పంపే బాధ్యత కూడ ఆ సంస్థదే. చవకగా వస్తుందని రెండు వేర్వేరు టికెట్లు కొంటే, మధ్యలో బయటకు వచ్చి పెట్టెలు తీసుకొని మరల అప్పగించవలసి రావచ్చు. బయటకు రావాలంటే ఆ దేశంలో ప్రవేశించే అనుమతి కావాలి. అది లేనివారిని మొదటి విమానమే ఎక్కనివ్వకపోవచ్చు. శంషాబాదులో పెట్టెలు అప్పగించేటప్పుడు, "ఇవి ఎక్కడ చేతికొస్తాయి?" అని తప్పక అడగండి. పెట్టె చీటీ మీద ఏ ఊరి పేరుందో చూపించమనండి.

రెండవది వీసా. విమానాశ్రయం లోపలే ఉండి రెండవ విమానమెక్కేవారికి సింగపూరు వీసా అక్కరలేదు. బయటకు వెళ్ళాలంటే భారత పాస్‌పోర్టు ఉన్నవారికి వీసా కావాలి. అయితే ఒక సౌకర్యముంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా, కెనడా, బ్రిటన్, జర్మనీ, స్విట్జర్లాండ్, జపాను దేశాలలో ఒకదాని వీసా చేతిలో ఉండి, మరొక దేశానికి వెళ్తూ గాని, తిరిగి వస్తూ గాని దారిలో దిగేవారిని నియమాలకు లోబడి 96 గంటల వరకు వీసా లేకుండా ఉండనిస్తారు. వీసాకు ఇంకా కనీసం ఒక నెల గడువుండాలి. ముందుకు పోయే టికెట్టు చేతిలో ఉండాలి. ఒక్కసారికి మాత్రమే చెల్లే వీసా అయితే తిరుగు ప్రయాణంలో నియమం వేరుగా ఉంటుంది. ఏమైనా చివరి మాట అక్కడి ఇమ్మిగ్రేషన్ అధికారిదే. ఇటువంటి నియమాలు మారుతుంటాయి గనుక బయలుదేరే వారంలో పిల్లలచేత మరొకసారి సరిచూపించుకోండి.

ఆస్ట్రేలియా వీసా పాస్‌పోర్టులో అంటించి ఇవ్వరు. అది కంప్యూటరులో ఉంటుంది. అందువలన వీసా మంజూరైన ఉత్తరాన్ని కాగితం మీద తీయించి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. ఫోనులో ఉందిలే అనుకుంటే, చార్జి అయిపోయిన ఫోను ఎవరికీ ఏమీ చూపించలేదు.

మూడవది, సింగపూరులో బయటకు వెళ్ళేవారు చేరడానికి మూడు దినాల లోపు నింపవలసిన ప్రవేశ పత్రం. దీనిని కంప్యూటరులో నింపుతారు. ప్రభుత్వం దీనికి రుసుము తీసుకోదు. డబ్బు అడిగే చోట నింపితే మోసపోయినట్లే. లోపలే ఉండి విమానం మారేవారికి ఈ పత్రంతో పని లేదు.

పెట్టెలో ఏముంది?

బిడ్డ దగ్గరకు వెళ్ళే తల్లి పెట్టెలో ప్రేమంతా ఊరగాయల రూపంలోనే ఉంటుంది. అది సహజమే. కాని కొన్ని వస్తువులను గురించి తెలుసుకోవాలి.

నమిలే పొగాకు, ఖైనీ, గుట్కా సింగపూరులోనికి తీసుకుపోవడం నేరం. సిగరెట్లకు, బీడీలకు ఒక్కదానికి కూడ పన్ను మినహాయింపు లేదు. చూయింగ్ గమ్ కూడ నిషేధమే. మన ఇళ్ళలో కూరలోను, మసాలా పొడిలోను వేసుకొనే గసగసాలను కూడ అక్కడ అనుమతి లేకుండా తీసుకుపోకూడదు. అవి నల్లమందు మొక్క గింజలని అక్కడి చట్టం చూస్తుంది. ఇంట్లో దంచిన మసాలా పొడిలో గసగసాలున్నాయేమో పెట్టె కట్టకముందే చూచుకోండి.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటుంది. మాదకద్రవ్యాల విషయంలో సింగపూరు చట్టం అతి కఠినమైనది. నిర్ణీత పరిమాణం మించితే మరణశిక్ష వరకు ఉంటుంది. కాబట్టి, "మా వాడికి ఈ చిన్న పొట్లం ఇవ్వండి పెద్దమ్మా" అని ఎవరైనా మూత వేసిన పొట్లం ఇస్తే, ఎంత దగ్గరివారైనా సరే, విప్పి చూడకుండా తీసుకోవద్దు. విమానాశ్రయంలో పరిచయమైనవారి సంచినైతే ఒక్క నిమిషం కూడ పట్టుకోవద్దు. మొగమాటం వలన ఒక కుటుంబం జీవితమంతా ఏడ్వవలసి రావచ్చు. కాదని చెప్పడం ప్రేమలేకపోవడం కాదు.

మందుల సంగతి. ప్రయాణ దినాలకు సరిపోయే మందులన్నీ చేతిసంచిలోనే ఉండాలి. వాటితో డాక్టరు ఇంగ్లీషులో రాసిన చీటీ ఉండాలి. నిద్రమాత్రలకు, కోడీన్ ఉన్న దగ్గు మందులకు సింగపూరులో ముందుగా అనుమతి కావలసి ఉండవచ్చు. అటువంటివి వాడేవారు పిల్లలచేత ముందే కనుక్కోవాలి. ఇన్సులిన్ వాడేవారు డాక్టరు ఉత్తరం లేకుండా బయలుదేరవద్దు.

చేతిసంచిలో నీళ్ళయినా, నూనె అయినా, ఊరగాయ అయినా 100 మిల్లీలీటర్లకు మించిన డబ్బాలో ఉంటే తనిఖీలో తీసివేస్తారు. ఊరగాయ పెద్ద పెట్టెలోనే వేయండి. ఆస్ట్రేలియాకు వెళ్ళేవారు తినే పదార్థాలన్నిటినీ అక్కడ ఇచ్చే కాగితంలో దాచకుండా రాయాలి. రాసి చూపించినందుకు జరిమానా ఉండదు. మహా అయితే ఒక డబ్బా తీసి పారవేస్తారు. దాచినందుకే శిక్ష.

విమానాశ్రయం లోపల

మన పోతిరెడ్డిపాడు దగ్గర తూములనుండి వచ్చిన నీళ్ళు బానకచెర్లకు చేరి, అక్కడ ఏ గేటు ఎత్తితే ఆ కాలువలోనికి మళ్ళిపోతాయి కదా. పెద్ద విమానాశ్రయం కూడ అంతే. దిగినవారు కొంత దూరం కలసి నడుస్తారు. తరువాత ఊరిలోనికి పోయేవారు ఒక దారి, ఇంకొక విమానమెక్కేవారు మరొక దారి పడతారు. మొదటి దారికి అరైవల్ అనీ, రెండవదానికి ట్రాన్స్‌ఫర్ లేక ట్రాన్సిట్ అనీ రాసి ఉంటుంది. ఇంగ్లీషు చదవలేనివారికి పిల్లలు ఈ మాటలను పెద్ద అక్షరాలతో అట్టముక్క మీద రాసివ్వాలి. అక్షరాలు పోల్చుకుంటే చాలు.

చాంగిలో నాలుగు టెర్మినళ్ళున్నాయి. మొదటి మూడింటి మధ్య చిన్న రైలు తిరుగుతుంది. నాలుగవదానికి బస్సులో వెళ్ళాలి. దిగినది ఒకచోట, ఎక్కవలసినది మరొకచోట కావచ్చు. అందుకే దిగగానే తెరల మీద విమానం నంబరు, గేటు నంబరు చూచుకోవాలి. గేటు మారడం సాధారణం గనుక రెండు మూడుసార్లు చూడాలి.

మోకాళ్ళ నొప్పులున్నవారు చక్రాల కుర్చీ అడగడానికి సిగ్గుపడవద్దు. టికెట్టు కొన్నప్పుడే, ఆలస్యమైతే కనీసం రెండు దినాల ముందు, విమాన సంస్థకు చెప్పించాలి. కుర్చీ తోసేవారు గేటు దాక తీసుకుపోతారు గాని పగలంతా మీ ప్రక్కన ఉండరు. "మరల ఎప్పుడు వస్తారు?" అని అడిగి తెలుసుకోండి.

సింగపూరులో నాలుగు అధికార భాషలున్నాయి: ఇంగ్లీషు, చైనీసు, మలయ్, తమిళం. చాలాచోట్ల తమిళ అక్షరాలు కూడ కనిపిస్తాయి. మద్రాసు వైపు తిరిగి నాలుగు తమిళ ముక్కలు వచ్చినవారికి అక్కడ ఎవరో ఒకరు దొరుకుతారు.

గడియారం సంగతి మరువవద్దు. సింగపూరు మనకంటె రెండున్నర గంటలు ముందుంటుంది. మెల్‌బోర్న్ మనకంటె నాలుగున్నర, వారి వేసవిలో ఐదున్నర గంటలు ముందు. టికెట్టు మీద రాసినది ఏ ఊరిలో ఎక్కుతామో ఆ ఊరి టైము. మన గడియారం చూచుకొని, "ఇంకా రెండు గంటలుంది" అని కూర్చుంటే విమానం వెళ్ళిపోతుంది. గంటల లెక్కన వేసుకొనే మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు చేత వరుసగా రాయించుకోండి.

ఊరిలోనికి వెళ్తే

రాత్రి శంషాబాదులో ఎక్కి ఉదయం ఆరుకు సింగపూరులో దిగారనుకుందాం. తరువాతి విమానం రాత్రి తొమ్మిదికి. పది గంటల వరకు లోపలే గదిలో పడుకోండి. స్నానం చేసి, తిని, పదిన్నరకు బయలుదేరండి. సాయంత్రం నాలుగున్నరకు తిరిగి విమానాశ్రయంలో ఉండాలి. ఈ ఆరు గంటలలో రెండు స్థలాలు చాలు. ఐదు చూడాలనుకుంటే ఏదీ చూడలేము.

తోడులేనివారికి విమానాశ్రయం వారే ఉచితంగా ఊరు చూపించే ఏర్పాటుంది. ఐదున్నర గంటలకు పైగా, ఇరవై నాలుగు గంటల లోపు ఆగేవారికి ఇది. బస్సులో తీసుకుపోయి తిరిగి దింపుతారు. దేశంలో ప్రవేశించే అర్హత మాత్రం ఉండాలి.

స్వంతంగా వెళ్ళేవారు మొదట సెయింట్ ఆండ్రూస్ కెథీడ్రల్ చూడవచ్చు. చాంగినుండి రైలెక్కి, తానా మేరాలో మారి, సిటీ హాల్ స్టేషనులో దిగితే ప్రక్కనే ఉంటుంది. 1856లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ దీనికి పునాదిరాయి వేశారు. 1862 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది. దీనిని కట్టిన చేతులు మన దేశంనుండి శిక్షపడి సముద్రం దాటించబడిన ఖైదీలవి. గోడలకు పూసినది మద్రాసు సున్నం. గవ్వల సున్నంలో కోడిగ్రుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి నూరి, కొబ్బరిపీచు నానబెట్టిన నీళ్ళు పోసి చేసిన పూత. పాత గోడలకు గచ్చు పనిచేసిన మన పెద్దలకు ఆ పని విలువ చెప్పనక్కరలేదు. తిరిగి ఇల్లు చేరతామో లేదో తెలియని మనుష్యులు కట్టిన మందిరంలో ఒక అరగంట మౌనంగా కూర్చోవడం ప్రయాణికులకు తగిన పనే.

రెండవది సెరంగూన్ రోడ్డున్న లిటిల్ ఇండియా. అక్కడ అన్నం, సాంబారు, ఇడ్లీ, దోసె దొరుకుతాయి. తెలియని ఊరిలో తెలిసిన భోజనం కడుపుకే కాదు, మనసుకు కూడ బలమే. ఆదివారమైతే, ఆ ప్రాంతంలోనే షార్ట్ స్ట్రీట్‌లో తమిళ మెథడిస్టు సంఘముంది. ఆరాధన సమయం ముందుగా తెలుసుకొని వెళ్ళాలి. ఆ దేశంలో 1975లో స్థాపించిన సింగపూరు తెలుగు సమాజం ఉంది గనుక తెలుగు మాట అక్కడ కొత్తది కాదు.

సింగపూరు భూమధ్యరేఖకు దగ్గర. ఏడాది పొడుగునా ఉక్క, ఉన్నట్టుండి వాన. గొడుగు, చెప్పులు, నూలు బట్టలు చాలు. కుళాయి నీళ్ళు త్రాగవచ్చు. రైలులో తినడం, త్రాగడం, వీధిలో ఉమ్మివేయడం తప్పు, జరిమానా వేస్తారు. పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటిమీదనే ఉండాలి.

కౌలాలంపూరు అయితే?

కొన్ని టికెట్లు మలేషియాలోని కౌలాలంపూరు మీదుగా ఉంటాయి. 2023 డిసెంబరు 1 నుండి భారతీయులకు అక్కడ 30 దినాల వరకు వీసా అక్కరలేకుండా చేశారు. ఈ సౌకర్యాన్ని 2026 చివరి వరకు పొడిగించారు. ఆ దేశానికి కూడ ముందుగా కంప్యూటరులో ప్రవేశ పత్రం నింపాలి. విమానాశ్రయం ఊరికి సుమారు 50 కిలోమీటర్ల దూరం. వేగం రైలులో అరగంట పడుతుంది. ఎనిమిది గంటలకంటె తక్కువ ఉంటే అక్కడ బయటకు వెళ్ళడం పెద్దలకు తగదు. రబ్బరు తోటలలోను, కొబ్బరి తోటలలోను పనిచేయడానికి ఉత్తరాంధ్ర జిల్లాలనుండి వెళ్ళిన మన తెలుగువారి మనుమలు, మునిమనుమలు ఆ దేశంలో ఉన్నారు. వారి తెలుగు సంఘం 1955లో ఏర్పడింది.

బయలుదేరే ముందు ఇంట్లో

ప్రయాణానికి వారం ముందు ఒక సాయంత్రం ఇంటిల్లిపాది కూర్చోండి. ఫోనులో బిడ్డ, ఎదురుగా అమ్మ, నాయన. శంషాబాదు గుమ్మంనుండి చివరి ఊరి గుమ్మం వరకు ఏమి జరుగుతుందో వరుసగా చెప్పించుకోండి. తరువాత తల్లిని తన మాటలలో తిరిగి చెప్పమనండి. ఎక్కడ తడబడిందో అక్కడే ఆమెకు సహాయం కావాలి. విమానం నంబర్లు, బిడ్డ ఫోను నంబరు, మందుల పేర్లు, చివరి ఇంటి చిరునామా ఒకే కాగితం మీద ఇంగ్లీషులో రాయించి, రెండు ప్రతులు తీసి, భార్య దగ్గర ఒకటి, భర్త దగ్గర ఒకటి ఉంచండి. భార్యాభర్తలు విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో కూడ అనుకోండి.

పిల్లలకు ఒక మాట. మీ తల్లిదండ్రులు మిమ్మును చూడాలని అంత దూరం వస్తున్నారు. ఊరు చూపించాలన్న మీ ఆశ మంచిదే గాని, మొదట వారి మోకాళ్ళను అడగండి. టికెట్టులో కొన్ని వేలు మిగులుతాయని వారిని అర్ధరాత్రి కుర్చీలలో కూర్చోబెట్టవద్దు. మజిలీ ఎక్కడ, ఎంతసేపు అన్నది ప్రయాణం చేసేవారితో కలసి నిర్ణయించండి.

ఇట్లా సిద్ధపడి వెళ్ళిన తల్లి, ఆ చివర తలుపు తెరచిన మనవడిని ఎత్తుకోవడానికి చేతులలో ఇంకా ఓపిక మిగుల్చుకొని దిగుతుంది. దేవుడు మీ రాకపోకలను కాచి, మీ వారి మధ్యకు మిమ్మును క్షేమంగా చేర్చును గాక.